ప్రత్తిపాడు గట్ల మీద చెట్లు

గుంటూరు నుండి దక్షిణంగా వెళ్తే ప్రత్తిపాడు వస్తుంది. దారికి రెండు ప్రక్కలా నల్లరేగడి చేలు. మేము వెళ్ళింది మాఘమాసంలో. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. చేలల్లో చివరి తీతకు ప్రత్తి విచ్చుకొని ఉన్నది. చూడటానికి ఇంపుగానే ఉన్నది గాని, కాసేపు నిలబడదామంటే చెట్టునీడ కొరకు చాలా దూరం నడవవలసి వచ్చింది.

ఇది కన్నీరు ఎరిగిన నేల. 1987-88లో తెల్లదోమ ప్రత్తిని నాశనం చేసినప్పుడు, అప్పులు తీర్చలేక గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

గట్ల మీద చెట్లు ఎందుకు కొట్టేశారని ఒక పెద్దాయనను అడిగాము. "నీడ పడితే పైరు ఎదగదు గదండీ అయ్యగారూ" అన్నారు. ఆ మాట నిజమే. అయితే ఈ చిక్కుకే ఆఫ్రికాలో దొరికిన జవాబు మనం తెలుసుకోదగినది.

నైజర్ దేశం సహారా ఎడారి అంచున ఉన్నది. చెట్లు పోయిన చేలల్లో ఇసుకగాలికి మొలకలు పూడిపోయి, రైతులు మళ్ళీ మళ్ళీ విత్తుకొనేవారు. టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా మిషనరీ అక్కడి మరాడి ప్రాంతంలో మొక్కలు నాటించారు. ఎక్కువ భాగం చచ్చిపోయాయి. 1983లో ఆయన ఒక సంగతి గమనించారు. చేలల్లో పొదలుగా కనిపించేవి పొదలు కావు, నరికిన చెట్ల మోళ్ళ నుండి వచ్చిన చిగుళ్ళు. వేరు భూమిలో బ్రతికే ఉన్నది! బలమైన కొమ్మలు కొన్ని ఉంచి తక్కినవి కోయమని రైతులకు చూపారు. ఇరవై ఏళ్ళలో సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయి.

అక్కడ "గావ్" అనే చెట్టు ఉన్నది. మన తుమ్మకు బంధువు. వానకాలంలో ఆకు రాల్చి, ఎండకాలంలో చిగురిస్తుంది. కనుక పైరుకు నీడ అడ్డు రాదు, రాలిన ఆకు ఎరువవుతుంది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ నైజర్‌లోని తన కేంద్రంలో, ఈ చెట్టు క్రింద సజ్జ బాగా పండటానికి గల కారణాలను పరిశోధించింది. అదే దేశంలో మజ్జియా లోయలో 1975 నుండి గాలికి అడ్డుగా వరుసలు వరుసలుగా పెంచినవి మన వేపచెట్లే. వాటి చాటున దిగుబడి పెరిగింది.

ప్రత్తిపాడులో గావ్ లేదు. వేప, నల్లతుమ్మ ఉన్నాయి. తొలకరికి ముందు కొమ్మలు కోస్తే పైరు మీద నీడ తగ్గుతుంది, పొయ్యిలోకి కట్టె, మేకలకు మండ దొరుకుతాయి. 5 కిలోల వేపగింజల పొడి నానబెట్టి వడగట్టి, 100 లీటర్ల కషాయం చేసి చల్లితే పురుగుమందుల కొట్టులో పద్దు కొంతైనా తగ్గుతుంది.

ప్రియ పాఠకులారా, మీ పొలం గట్టున కూడా వేపమోడు ఉండవచ్చును. దానికి చిగురు కనిపిస్తే పీకివేయకండి. ముళ్ళకంప కట్టి, మేకల నోట పడకుండా రెండేళ్ళు కాపాడండి. కొత్తగా మొక్క కొననక్కరలేదు, గొయ్యి తీయనక్కరలేదు. వేరు ముందే అక్కడ ఉన్నది.