ఉపసర్గలూ, 'నుండి'యూ, ఇంగ్లీషు భూతకాలమూ

ఇంగ్లీషు క్రియల వెంట నడిచే 'అప్', 'ఔట్', 'ఆఫ్', 'ఇన్' వంటి పొట్టి మాటలను చూచినప్పుడల్లా నాకు సంస్కృతంలోని ఉపసర్గలే స్ఫురిస్తాయి. భాషాప్రవీణ చదివినవాడికి అది సహజమే కదా. 'హృ' ధాతువు ఒక్కటే. ముందు చేరిన ఉపసర్గను బట్టి అది ఆహారమౌతుంది, విహారమౌతుంది, సంహారమౌతుంది, పరిహారమూ ఔతుంది. ఇంగ్లీషు వారి 'గివ్' సంగతీ అంతే. 'గేవ్ అప్' అంటే మానుకున్నాడు. 'గేవ్ ఇన్' అంటే లొంగిపోయాడు. 'గేవ్ అవే' అంటే దానమైనా చేశాడు, రహస్యమైనా బయటపెట్టాడు. 'ఇచ్చుట' అనే మూలార్థం ఎక్కడ దాగిందో వెదుక్కోవాలి.

భూతకాలం విషయంలో ఈ పోలిక ఇంకా ముందుకు పోతుంది. సంస్కృతంలో 'గచ్ఛతి' అనేది గతకాలంలో 'అగచ్ఛత్' ఔతుంది. 'నిర్గచ్ఛతి' అయితే 'నిరగచ్ఛత్'. ఆ అకారం ఉపసర్గకు ముందు చేరదు, ఉపసర్గను దాటి వచ్చి ధాతువును పట్టుకుంటుంది. కాలంతో నిమిత్తం ధాతువుకే, ఉపసర్గకు లేదు. 'గో ఔట్' 'వెంట్ ఔట్' అయినప్పుడూ జరిగేది ఇదే. క్రియ గుర్తుపట్టలేనంతగా మారిపోయింది, 'ఔట్' మాత్రం చెక్కు చెదరలేదు. లౌకిక సంస్కృతంలో ఉపసర్గ ధాతువుకు అంటుకొనే ఉంటుంది గాని, వేదభాషలో విడిగానూ నిలుస్తుంది, నడుమ వేరే మాటలు వచ్చినా ఆక్షేపణ లేదు. ఇంగ్లీషు నేటికీ ఆ స్వేచ్ఛను నిలుపుకున్నది. 'టర్న్డ్ ఆఫ్ ద లైట్' అనవచ్చు, 'టర్న్డ్ ద లైట్ ఆఫ్' అనీ అనవచ్చు. అయితే 'లైట్' స్థానంలో సర్వనామం వచ్చిందా, 'టర్న్డ్ ఇట్ ఆఫ్' అని తీరాలి. రెండవ దారి మూసుకుపోతుంది. ఈ ఒక్క నియమాన్ని పిల్లలకు అలవాటు చేయడానికి ఇంగ్లీషు మాస్టార్లు పడే పాట్లు నేను పక్క గదిలోనుంచి ఎన్నో ఏళ్ళు విన్నాను.

మన తెలుగు పద్ధతి వేరు. మనం క్రియకు పొట్టి మాటను తగిలించము, ఇంకొక క్రియనే తోడు తెచ్చుకుంటాము. 'ఏట్ అప్' అన్నచోట 'తినివేశాడు' అంటాము. 'వెంట్ అవే' అన్నచోట 'వెళ్ళిపోయాడు' అంటాము. మొదటి క్రియ క్త్వార్థకమై తలవంచుకుంటుంది, కాలపు బరువంతా రెండవ క్రియ మోస్తుంది. మన 'వేయు', 'పోవు' చేసే చాకిరీనే అక్కడ 'అప్', 'అవే' చేస్తున్నాయి. కాకపోతే మన సేవకులు భూతకాలపు టోపీ పెట్టుకుంటారు, వారి సేవకులు పెట్టుకోరు. 'హి ర్యాన్ అక్రాస్ ద బ్రిడ్జ్' అనే చిన్న వాక్యాన్ని తెనిగించండి. 'శారదా నది వంతెనను పరుగెత్తుకుంటూ దాటాడు' అనవలసి వస్తుంది. వారి అవ్యయం మనకు ప్రధానక్రియ అయింది, వారి ప్రధానక్రియ మనకు విశేషణప్రాయమై పక్కకు జరిగింది. మాటకు మాట పెట్టి అనువదించే పిల్లవాడు చతికిలపడేది సరిగ్గా ఇక్కడే.

ఇంకొక ముచ్చట చెప్పాలి. ఇంగ్లీషు ప్రిపొజిషన్లు పేరుకు ముందు నిలిస్తే మన విభక్తి ప్రత్యయాలు వెనుక నిలుస్తాయని అందరికీ తెలిసినదే. కాని ఆ వెనుక నిలిచేవాటిలో కొన్ని ఒకప్పుడు క్రియలే! 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి పేర్కొన్న కూర్చి, గురించి, పట్టి అనేవాటిని చూడండి. కూర్చు, గురించు, పట్టు అనే క్రియల క్త్వార్థక రూపాలు ప్రత్యయాలై గడ్డకట్టినవే అవి. 'నుండి' కూడా ఆ కోవదే, అందులో 'ఉండి' స్పష్టంగా కనబడుతూనే ఉన్నది. 'ఊరినుండి వచ్చాడు' అంటే ఊరిలో ఉండి, అక్కడినుంచి కదలి వచ్చాడని. ఇంగ్లీషులోనూ ఇటువంటి శిలాజాలు లేకపోలేదు. 'అగో' అనే మాట 'అగాన్' అనే పాత రూపం నుంచి వచ్చింది, దాని అర్థం 'గడచిపోయిన' అని. 'టూ ఇయర్స్ అగో' అంటే రెండేండ్లు గడచిన మాట.

నిఘంటువు వెదుకుతూ కాలక్షేపానికి చెప్పిన కబురు కాదిది. నాలుగేండ్ల కిందట మా వీధిలో బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసే కళాసీ ఒకడు కాలేయం చెడి చనిపోయాడు. పోవడానికి పద్దెనిమిది నెలల ముందు ఒక బీమా పాలసీ తీసుకున్నాడు. దానికి ఆరు నెలల ముందు అతనికి కామెర్లు వచ్చి మూడు వారాలలో నయమైనవి, ఆ సంగతి పాలసీ దరఖాస్తులో వ్రాసే ఉన్నది. భార్య సొమ్ము కోసం అర్జీ పెట్టుకున్నది. ఆ అర్జీని ఎవరో కుర్రవాడు ఇంగ్లీషులో వ్రాసిపెట్టాడు. 'హి సఫర్డ్ ఫ్రమ్ జాండిస్ సిన్స్ టూ ఇయర్స్' అని అందులో ఒక వాక్యం.

అర్జీ తిరిగివచ్చింది. రెండేండ్లుగా విడవకుండా ఉన్న జబ్బును నయమైనట్లు చూపి పాలసీ తీసుకున్నారని దాని సారాంశం. ఆమె ఆ కాగితం పట్టుకొని మా అరుగు మీదికి వచ్చింది. "ఓపాలి వచ్చి తగ్గిపోనాది మేష్టారూ, మళ్ళీ సచ్చిపోయేదాకా రానేదు" అన్నది. ఆమె నోట వచ్చిన తెలుగు నిర్దుష్టం. 'ఓపాలి వచ్చి తగ్గిపోయింది' అనడంలో ఆరంభమూ ముగింపూ రెండూ ఉన్నాయి. కాగితం మీది 'సిన్స్' ఆ ముగింపును కొట్టివేసింది.

తెలుగు వలన ఇంగ్లీషు చెడిందని కొందరు తేలికగా అనేస్తారు. ఇక్కడ ఆ నింద చెల్లదు. మన భాషలో 'రెండేండ్ల కిందట కామెర్లు వచ్చాయి' అంటాము, 'రెండేండ్ల నుండి కామెర్లతో బాధపడుతున్నాడు' అంటాము. 'కిందట' భూతకాలాన్ని కోరుతుంది, 'నుండి' వర్తమానాన్ని కోరుతుంది. తనలోని 'ఉండి'ని అది మరచిపోలేదు. 'రెండేండ్ల నుండి జబ్బుపడ్డాడు' అని మా వీధిలో చదువురానివాడు కూడా అనడు. ఆ కుర్రవాడు తన తెలుగును నమ్ముకొని ఉంటే 'బిఫోర్ టూ ఇయర్స్' అని వ్రాసి ఉండేవాడు. అది ఇంగ్లీషువారికి ఎబ్బెట్టుగా ఉండేది గాని ఆ ఇంటికి అన్యాయం జరిగేది కాదు. బడిలో 'సిన్స్'ను ఖాళీలు పూరించడానికే నేర్పారు, అది ముగియని కాలాన్ని మోసుకువస్తుందని ఎవరూ చెప్పలేదు.

నేనూ, పదవీ విరమణ చేసిన ఇంగ్లీషు మాస్టారొకరూ కూర్చొని రెండవ అర్జీ తయారుచేశాము. 'హి హ్యాడ్ జాండిస్ టూ ఇయర్స్ బిఫోర్ హిజ్ డెత్ అండ్ రికవర్డ్ ఇన్ త్రీ వీక్స్' అని. చనిపోయినవాని విషయం గనుక 'అగో' కూడా అక్కడ పనికిరాదు. అది మనం వ్రాసే రోజు నుంచి వెనక్కి లెక్కిస్తుంది, 'బిఫోర్' అయితే అతని మరణం నుంచి లెక్కిస్తుందని ఆయన సవరించారు. ఆ సూక్ష్మం నాకు ఎంతో నచ్చింది. పాత డాక్టరు చీటీ, రక్తపరీక్ష కాగితం జతపరచాము. ఎనిమిది నెలలు తిరిగాక సొమ్ము వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ ఆమె ఇల్లు ఏ అప్పు మీద నడిచిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

'సిన్స్' ఒక్కటే కాదు. 'డిస్కస్డ్ అబౌట్' అన్నచోట మన 'గురించి' తొంగిచూస్తుంది. 'హి కేమ్ యెస్టర్డే ఓన్లీ' అన్నచోట 'నిన్ననే'లోని ఏకారం కూర్చున్నది. వీటి వలన ఎవరి సొమ్మూ ఆగదు గనుక నేను వీటి జోలికి పోను, పైగా వినడానికి ఇంపుగానే ఉంటాయి నాకు.

నిజానికి మనకు క్రియలో లేని తేడాను అవ్యయం చూపిస్తుంది. 'నిన్న రాలేదు', 'ఇంకా రాలేదు'. క్రియ ఒక్కటే. మొదటిదానికి 'డిడ్ నాట్ కమ్', రెండవదానికి 'హ్యాజ్ నాట్ కమ్' అని ఇంగ్లీషు క్రియనే మారుస్తుంది. మనం 'ఇంకా' అన్న రెండక్షరాలతో సరిపెట్టుకుంటాము. 'హ్యాజ్ కమ్ యెస్టర్డే' అని మనవారు ఎందుకంటారో దీనితో బోధపడుతుంది. 'నిన్న' అని చెప్పేశాక క్రియ ఏ రూపంలో ఉంటేనేమి అని లోపలి తెలుగు మనసు అనుకుంటుంది.

ఇక 'వచ్చేశాను' సంగతి. వీధిలో నిలబడి పిలిస్తే, ఇంట్లోంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ మిత్రుడు "వచ్చేశా, వచ్చేశా" అంటాడు. ఇంకా గడప దాటలేదు, క్రియ మాత్రం భూతకాలంలో ముందే వీధిలోకి వచ్చి నిలబడింది. దీనిని ఇంగ్లీషులో ఏ అవ్యయం చేర్చి చెప్పాలో ఆ ఇంగ్లీషు మాస్టారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "అందులో మీ మిత్రుడు అబద్ధం చెప్పినట్లే అవుతుందండీ" అన్నారు.