ఇల్లు మారితే తాళాలు మారవు

మా నాన్న పాస్‌వర్డులన్నీ ఒక పాత డైరీలో రాసుకుంటారు. డైరీ బీరువాలో, బీరువా తాళంచెవి దేవుడి గూట్లో. నేను సాఫ్ట్‌వేరువాణ్ణి కదా, ఆ డైరీ కనబడినప్పుడల్లా ఓ లెక్చరు పీకేవాణ్ణి. చివరికి ఆయన బ్యాంకు, పెన్షను, గ్యాసు అన్నీ నా పాస్‌వర్డ్ మేనేజరులోకి ఎక్కించేశాను. ఆ గొప్పంతా ఎలా దిగిపోయిందో ఇప్పుడు చెప్తాను.

2022 ఆగస్టులో లాస్ట్‌పాస్ వాళ్ళ డెవలపర్ల సిస్టముల్లోకి ఎవరో చొరబడ్డారు. వాడేవాళ్ళ డేటా జోలికి వెళ్ళినట్టు ఆధారాల్లేవని అప్పుడన్నారు. డిసెంబరు 22న అసలు సంగతి బయటపెట్టారు: వాల్టుల బ్యాకప్పు కాపీలే పోయాయి. పాస్‌వర్డులు ఎన్‌క్రిప్టయ్యే ఉన్నాయి గానీ సైట్ల అడ్రసులు మామూలు టెక్స్టే. అంటే ఎవరికి ఏ బ్యాంకులో ఖాతా ఉందో దొంగకి ఉచితంగా తెలిసిపోయిందన్నమాట.

మా ఆఫీసులో ఒకతను ఆ వారమే వేరే మేనేజరుకి మారిపోయి "ఇంక సేఫ్ బాసూ" అన్నాడు. సేఫ్ ఎక్కడ? దొంగ దగ్గరున్నది పాత వాల్టు కాపీ. మనం ఇల్లు మారినా అందులోని తాళంచెవులు పాతవే. మాస్టర్ పాస్‌వర్డు మార్చినా ఆ కాపీకి పాతదే పనిచేస్తుంది. లోపలున్న ఒక్కో పాస్‌వర్డూ మార్చాల్సిందే. ఇదంతా అతనికి వివరంగా క్లాసు తీసుకున్నాను.

నేను వాడేది వేరే కంపెనీది. అయినా భయం పట్టుకుని నేనూ మారాను. పాతదాంట్లో ఎక్స్‌పోర్టు నొక్కాను, సీఎస్వీ ఫైలు వచ్చింది, కొత్తదాంట్లో ఇంపోర్టు చేశాను. పది నిమిషాల పని. కాఫీ తాగి పడుకున్నాను :)

కొన్ని నెలల తరవాత నాన్న పెన్షను కాగితం ఏదో కావాలంటే ఫోనులో క్లౌడు డ్రైవు తెరిచి "పెన్షన్" అని వెతికాను. మొదటి ఫలితం ఏంటో తెలుసా? ఆ సీఎస్వీ! డౌన్‌లోడ్స్ ఫోల్డరు మొత్తం క్లౌడుకి సింక్ అవుతోందన్న సంగతే మర్చిపోయాను. ఎన్‌క్రిప్షనూ లేదు, పాడూ లేదు.. నా పాస్‌వర్డులూ, మా ఆవిడవీ, నాన్నవీ, వరసగా టేబులులా. పైగా ఫైలు లోపలి మాట వెతికితే దొరికిందంటే అవతలి సర్వరు దాన్ని చదివి ఇండెక్సు చేసిందనేగా.

ఎవరైనా చూశారా? చూసుండకపోవచ్చు. కానీ 'చూసుండకపోవచ్చు' అనేది సెక్యూరిటీ కాదు. ముందు ఈమెయిలు, తరవాత బ్యాంకులు, ఆ తరవాత మిగతావి.. రెండు శనాదివారాలు పాస్‌వర్డులు మార్చుకుంటూ కూర్చున్నాను. నాన్న బ్యాంకుకి ఓటీపీ ఆయన ఫోనుకే వెళ్తుంది కాబట్టి ఫోన్ చేసి చెప్పక తప్పలేదు. అంతా విని ఆయన ఒక్కటే మాటన్నారు: "డైరీ అయితే బీరువాలోనే ఉంది కదరా."

ఏం మాట్లాడతాం!

కొత్త మేనేజరు నచ్చక ఈమధ్య మళ్ళీ మారాను. ఈసారి పద్ధతిగా చేశాను. ముందు సింకూ, ఆటోమేటిక్ బ్యాకప్పూ ఆపేశాను. వెరాక్రిప్టుతో చిన్న ఎన్‌క్రిప్టెడ్ వాల్యూము తయారుచేసి ఎక్స్‌పోర్టు ఫైలు నేరుగా అందులోకే దించాను. ఎస్సెస్డీల్లో ఫైలు చెరిపినా, దానిమీద ఇంకోటి రాసినా పాత బిట్లు ఎక్కడో మిగిలిపోవచ్చు. అసలు డిస్కు మీద మామూలు టెక్స్టు పడకుండా చూసుకోవడమే మేలు. ఆ ఫైలుని ఎక్సెల్లో మాత్రం తెరవకండి. సున్నాతో మొదలయ్యే పిన్నుల్లో సున్నా మాయమవుతుంది, పదహారంకెల కార్డు నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. తెరిచి సేవ్ చేశారో, అంతే సంగతులు.

ఇంపోర్టు అయ్యాక రెండువైపులా ఎంట్రీల లెక్క సరిచూసుకున్నాను. అటాచ్‌మెంట్లు సీఎస్వీలో రావు, పాస్‌కీలు రావు. వాటిని విడిగా చూసుకోవాలి. ఒక పది ముఖ్యమైన సైట్లలో కొత్తదాంతో లాగిన్ అయి చూసి, నెలరోజులు ఆగి, అప్పుడు పాత ఖాతా మూసేశాను. వాల్యూముని ఆ పూటే చెరిపేశాను.

ఇంత తతంగం మామూలు జనం చేస్తారా? చెయ్యరు. మా నాన్న అస్సలు చెయ్యరు. పాస్‌వర్డులు దాచడానికే పుట్టిన కంపెనీలు, బయటికెళ్ళే దారిలో మాత్రం అన్నీ ఒక టెక్స్టు ఫైల్లో పోసి చేతికిచ్చి 'జాగ్రత్త' అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. తప్పు నాదే, కాదనను. కానీ నాలాంటివాడే పప్పులో కాలేశాడంటే ఆ దారి కట్టినవాళ్ళూ ఆలోచించాలి. ఇప్పుడిప్పుడే కదులుతున్నారు. ఒక మేనేజరు నుంచి ఇంకోదానికి భద్రంగా మార్చుకునే పద్ధతి ముసాయిదాని ఫిడో అలయన్స్ 2024 అక్టోబరులో బయటపెట్టింది. 2025లో వచ్చిన ఐఓఎస్ 26లో యాప్ నుంచి యాప్‌కి నేరుగా, మధ్యలో ఫైలు లేకుండా, పాస్‌కీలతో సహా మార్చుకునే వీలుంది. మీ రెండు మేనేజర్లకీ ఆ వీలుంటే సీఎస్వీ జోలికి పోకండి.

ఎప్పుడో ఒకసారి ఎక్స్‌పోర్టు చేసుంటే, ఇప్పుడే ఒక పని చెయ్యండి. మీ క్లౌడు డ్రైవులో మీ బ్యాంకు పేరు కొట్టి వెతకండి. ఏమీ దొరక్కపోతే అదృష్టవంతులు.

నాన్న డైరీ ఇంకా బీరువాలోనే ఉంది. నేను లెక్చర్లు మానేశాను.