పార్కు బెంచీ కూడా మందే

సిటీలో వయసు మళ్ళినవాళ్ళకి మందుల షాపు ఎంత అవసరమో, చెట్టు నీడన నలుగురూ కలిసే ఒక బెంచీ కూడా అంతే అవసరం. మాటవరసకి అంటున్నది కాదు. 2010లో పరిశోధకురాలు జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూస్తే, నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్ళు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. ఆరోగ్యవంతులే నలుగురిలోకి వస్తారు, అందుకే అలా కనబడుతుందన్నది బలమైన సందేహమే. కానీ మొదట్లో ఆరోగ్యం ఎలా ఉన్నా ఫలితం అలాగే ఉందని ఆ పరిశోధనే చెప్పింది.

హైదరాబాద్ ఇందిరా పార్కులోనో విశాఖ ఆర్కే బీచ్‌లోనో పొద్దున్నే కలిసేవాళ్ళవి పైపై పరిచయాలే, ప్రాణస్నేహాలు కావుగదా అనొచ్చు. కాకపోనీండి. కొత్త కబుర్లు ఎక్కువగా చేరేది అలాంటి పలచని పరిచయాల ద్వారానే అని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే వాదించాడు. మంచి కంటి డాక్టరెవరో, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లోనే ఎలా ఇవ్వొచ్చో తెలిసేది రెండు రౌండ్ల నడక తర్వాత, షుగర్ లెక్కలూ రాజకీయాల వాదనలూ అయ్యాక, టీ దగ్గరే. దానికి వాట్సాప్ గ్రూపు చాలదా అంటే, గుడ్ మార్నింగ్ బొమ్మ పంపినాయన నడక తడబడుతోందని గ్రూపులో ఎవరికీ కనబడదు. అందుకే కాలనీ సంఘాలు గేటుకి రంగులేసేముందు నాలుగు బెంచీలు, ఎగుడుదిగుడు లేని ఫుట్‌పాత్, శుభ్రమైన టాయిలెట్ సంగతి చూడాలి.