దర్శి కళ్ళంలో ఒక సాయంత్రం

కురిచేడులో రైలు దిగి, బస్సెక్కి దర్శి చేరేసరికి ప్రొద్దు వాలుతున్నది. సాగరు కాలువ నీళ్ళతో పండిన మిరప కళ్ళాల నిండా ఎర్రగా పరచి ఉన్నది. ఆ ఘాటుకు మాకు తుమ్ములే తుమ్ములు! చిన్నాన్న, పిన్ని మాత్రం నిమ్మళంగా తాలుకాయలు ఏరుతున్నారు.

"చదువుకున్నవాళ్ళు, మీరు చెప్పండి. వీడు ఆస్ట్రేలియా పోతానంటున్నాడు. ఏజెంటు మూడు లక్షలిస్తే వీసా ఖాయమన్నాడు. పొలం తాకట్టు పెట్టమంటారా?" అన్నాడు చిన్నాన్న.

భోజనాలయ్యాక డిగ్రీ చదివిన మా తమ్ముడి కాగితాలు ముందేసుకొని కూర్చున్నాము. అది 'వర్క్ అండ్ హాలిడే' వీసా. మన దేశస్థులకు 2024 అక్టోబరులో మొదలైంది. 18 నుండి 30 ఏండ్లవారికి, సంవత్సరానికి 1,000 మందికే. పేరు నమోదుకు 25 ఆస్ట్రేలియా డాలర్లు. మొదటి రెండు వారాలలోనే సుమారు 40,000 మంది పేర్లిచ్చారు. చీటీ తీసేది కంప్యూటరు. దానికి ఏజెంటు ఏమి చెప్పగలడు? చీటీ వచ్చినా వీసా రుసుము వేరు, 5,000 డాలర్లు దగ్గరున్నట్లు చూపించాలి. ఉండనిచ్చేది ఒక్క ఏడాది.

"అక్కడి పల్లెల్లో మూడు నెలలు పొలం పని చేస్తే రెండో ఏడాదికి అడుగవచ్చునట," అన్నాడు తమ్ముడు.

"పొలం పనా? నిన్న కళ్ళంలోకి రమ్మంటే నడుము నొప్పన్నావే!" అన్నది పిన్ని. చాలాసేపు నవ్వుకున్నాము. వాడు మాత్రం నవ్వలేదు.

తెల్లవారి మబ్బు పట్టింది. మేము బస్సుకు బయలుదేరేసరికి వాడు కాయల మీద పట్టాలు కప్పుతున్నాడు. చిన్నాన్న పాసుపుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేశాడు.