తప్పెవరిది?

మన బడులలో బాలునకు కలుగు మొదటి యనుభవము తప్పు చేయుట. రెండవది దానికై సిగ్గుపడుట. ఆ తప్పు ఏల కలిగెనో యడుగువారు దొరకుట యను మూడవ యనుభవము పెక్కుమందికి కలుగనే కలుగదు. మేము ముప్పది యేండ్లు ఉపాధ్యాయవృత్తిలో గడపినవారము. ఆ యడుగనివారిలో చేరినవారమే. కావున ఈ వ్యాసమును ఒరులకు చెప్పు నీతిగా గాక, మా ఖాతాలోని యొక పాతబాకీని ఒప్పుకొనుటగా చదువరులు గ్రహింతురు గాక.

ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో మేము అవిభక్త ఆదిలాబాదు జిల్లాలో, ఉట్నూరున కావలనున్న యొక చిన్న పల్లెలో పనిచేసితిమి. నాలుగవ తరగతిలో ఒక గోండు బాలుడుండెను. వాని యింట గోండి, మా నోట తెలుగు. అందుచే వాడు మాటాడుట అరుదు. కూడికలు చక్కగా చేయువాడు గాని తీసివేతలలో కొన్నింట తప్పకుండ తప్పెడివాడు. 52 నుండి 27 తీయుమన్న 35 అని వ్రాసెడివాడు. 63 నుండి 28 తీయుమన్న 45 అని వ్రాసెడివాడు. మేము పలకపై అడ్డగీత గీసి, సరియైన జవాబు ప్రక్కన వ్రాసి, ‘వీనికి లెక్కలు రావు’ అని మనసున తీర్పు చెప్పుకొంటిమి. ఒకనాడు ఆ పలకను పైకెత్తి తరగతికంతకు చూపి నవ్వించితిమి. మరునాటినుండి వాడు బడికి రాలేదు. తండ్రి వెంట పత్తిచేనికి పోవుచున్నాడని విని, మేము ఊరకుంటిమి.

పండ్రెండేండ్ల పిదప జైనూరు అంగడిలో వాడే మాకు కనబడెను. టమాటలు, మిరపకాయలు గోనెపై పోసి అమ్ముచుండెను. మేము ఇరువదియేడు రూపాయల సరకు కొని నూరు రూపాయల నోటిచ్చితిమి. వాడు మా చేతిలో మూడు రూపాయలుంచి ‘ముప్పై’ అని, డెబ్బదియుంచి ‘నూరు’ అని క్షణములో లెక్క ముగించెను. ‘ఇంత చక్కగా లెక్క కట్టువాడవు, నాడు బడిలో ఏల తప్పితివి?’ అని యడిగితిమి. వాడు నవ్వి, ‘సారూ, పెద్దదాంట్లకెల్లి చిన్నది తియ్యాలె అని మీరే గద చెప్పింది? నేను గట్లనే తీసిన’ అనెను.

మేము నిలువున నీరైపోతిమి. ఆ వాక్యమును మేము దినదినము చెప్పియుంటిమి. ఒకట్ల స్థానమున 2, 7 ఉన్నవి, పెద్దది 7, దానినుండి 2 తీయగా 5. పదుల స్థానమున 5 నుండి 2 తీయగా 3. జవాబు 35. వాడు మా మాటను అక్షరాల పాటించిన శిష్యుడు. సంఖ్య మొత్తము వేఱు, అందలి అంకె వేఱు అని మేము విడమరచి చెప్పలేదు. వానికి లెక్కలు రాకపోవుట గాదు, మాకు వాని లెక్క చదువుట రాలేదు.

ఇట్టి తప్పులను శ్రద్ధగా చదివిన శాస్త్రజ్ఞులు కలరని మాకు తరువాత తెలిసెను. అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞులు 1978లో ఒక పరిశోధన ప్రకటించిరి. వేయిమందికి మించిన బాలుర తీసివేతలను పరిశీలించి, పెక్కు తప్పులు అజాగ్రత్తవలన గాక, లోపల ఏదో యొక పొరపాటు నియమమును చక్కగా పాటించుటవలన కలుగుచున్నవని వారు చూపిరి. మా బాలుని నియమము ఆ పట్టికలో మిక్కిలి సామాన్యమైనది. తప్పులన్నియు ఇట్టివి గావు. నేడొక రీతిగా, రేపొక రీతిగా మారునవియు కలవు. అయినను అడిగి చూడనిదే ఏది ఎట్టిదో తెలియదు గదా!

వారు దానినొక ఆటగాను మలచిరి. దాని పేరు ‘బగ్గీ’. అందు కంప్యూటరు తప్పు నియమమొకటి మనసున దాచుకొన్న శిష్యుని వేషము వేయును. ఉపాధ్యాయవిద్య నేర్చువారు దానికి లెక్కలిచ్చి, వచ్చిన జవాబులనుబట్టి ఆ లోపమును కనిపెట్టవలెను. కనిపెట్టితిమన్నచో యంత్రము క్రొత్త లెక్కలిచ్చి, ‘ఆ శిష్యుడు చేసినట్లు మీరును చేయుడు’ అనును. శిష్యుని తప్పును తాను చేయగలిగిన గురువే అందు గెలిచినవాడు. ఈ యాట మా శిక్షణకాలమున మాకు లభించియుండినచో, ఒక బాలుడు బడిలో మిగిలియుండెడివాడేమో!

వీరిద్దరే ‘వెస్ట్’ అను మఱియొక ఏర్పాటు చేసిరి. అది పిల్లల యాట. మన వైకుంఠపాళి వంటిది. డెబ్బది గళ్ల త్రోవ. నడుమ ఊళ్లు, అడ్డదారులు. మూడు సంఖ్యలు పడును; వానిని కూడియో, తీసియో, గుణించియో వచ్చిన ఫలమంత ముందుకు నడువవలెను. ఆ యాటను చూచుచు ప్రక్కనుండి సలహా చెప్పు యంత్రశిక్షకుడొకడుండును. వానికి వారు పెట్టిన కట్టుబాట్లు మాకు మిక్కిలి నచ్చినవి. బాలుడు ఆటను తానుగా కొంత తెలిసికొనువఱకు నోరు విప్పరాదు. వరుసగా రెండెత్తులలో సలహా చెప్పరాదు. బాలుడు నిజముగా బలహీనుడైన విషయముననే చెప్పవలెను. చూపు ఎత్తు బాలుని యెత్తుకంటె ఎంతో మేలైనదై యుండవలెను. మా అవ్వ ఓమనగుంటలు నేర్పునపుడు ఇట్లే చేసెడిది. మేము ఓడుచున్నను గింజలు పంచుచు ఊరకుండి, సమయము చూచి ఒక్క గుంటవైపు వ్రేలు చూపెడిది. అవ్వకు సహజముగా తెలిసినదానిని శాస్త్రజ్ఞులు నియమములుగా వ్రాసిరి. ఉపాధ్యాయులమైన మేము మాత్రము గంటసేపు ఎడతెగక మాటాడుటయే బోధనమనుకొంటిమి.

ఈ యంత్రములవలన మేలు కలుగునా యను సందేహము ఉచితమే. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ గార్లు 2015లో ఢిల్లీ బాలురతో పరీక్షించి 2019లో ప్రకటించిన ఫలితములు కలవు. ఆరు మొదలు పైతరగతులలోని ఆ పిల్లలు పెక్కుమంది తమ తరగతి స్థాయికి ఎన్నో మెట్లు క్రిందనుండిరి. పాఠ్యపుస్తకము వారి తలలమీదుగా పోవుచుండెను. కంప్యూటరు పాఠము ప్రతి బాలుడు నిలిచిన మెట్టుననే మొదలగుటచేత, సుమారు నాలుగున్నర నెలలలో గణితమునను హిందీలోను ఇతరులకంటె వారు గణనీయముగా ముందుకు పోయిరి. యంత్రముతోపాటు చిన్న జట్టులకు ఒక మనుష్యుని సాయమును ఉండెను. ఈ మాట మఱువరాదు.

ఇంతకు మా బాలుడు తన లోపమును పలకపై గాక, నోటితో తెలిపెను. కావున నేర్పు యంత్రము వినగలుగుటయు ఆవశ్యకమే. ఆ విద్యలో మన తెలుగువాడే అగ్రగణ్యుడు. 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున జన్మించిన రాజ్ రెడ్డి గారు, యంత్రము మనుష్యుని మాటను గ్రహించు విషయమున దీర్ఘకాలము కృషిచేసి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ గారితో కలిసి ట్యూరింగ్ పురస్కారము పొందిరి. గ్రామీణ విద్యార్థులకై 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు వారు కులపతిగా నుండిరి. దాని మొదటి మూడు ప్రాంగణములలో ఒకటి మా గోదావరి యొడ్డున, తల్లిదండ్రులు బిడ్డలకు అక్షరాభ్యాసము చేయించు బాసరలోనే నెలకొన్నది.

కాని యంత్రము ఎవరి మాట వినును? ఎక్కువగా వ్రాసిన, పలికి నిలువచేసిన భాషలనే అది బాగుగా నేర్చును. ఇంగ్లీషునకు గల సంపద తెలుగునకు లేదు. తెలుగునకు గలది గోండికి లేదు. జైనూరునకు చేరువనున్న మార్లవాయిలో 1943లో హైమండార్ఫ్ గారి ప్రోత్సాహమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసి, గోండిలో వాచకములు సిద్ధమైనవి. బిడ్డ మాట తెలియనివాడు బిడ్డ తప్పును తెలియలేడను సత్యమును ఆనాడే మా కొండలలో గుర్తించిరి. నేడు యంత్రములను తెచ్చువారు ఆ సత్యమును విడిచినచో, మేము ఎత్తిన పలకనే వారును ఎత్తినవారగుదురు. మాకంటె వేగముగా, మాకంటె ఎక్కువమందికి చూపుదురు.

సోదర ఉపాధ్యాయులారా! యంత్రము మీ పల్లెకు వచ్చుగాక, రాకపోవుగాక. రేపు ఒక బాలుడు తప్పు జవాబు చూపినపుడు అడ్డగీత గీయుటకు ముందు, ‘ఇది నీకెట్లు వచ్చినది, నాయనా?’ అని వానికి తెలిసిన మాటలో ఒక్కసారి యడుగుడు. జవాబు వచ్చువఱకు ఓపికపట్టుడు. అందుకు కరెంటు అక్కఱలేదు, కాసు ఖర్చులేదు. మేమాప్రశ్న వేయుటకు పండ్రెండేండ్లు పట్టినది. అప్పటికి మా శిష్యుడు మాకు చిల్లర లెక్కపెట్టి యిచ్చుచుండెను.