పడుగేది, పేకేది?

మనుచరిత్ర పాఠం చెబుతూ, "యీ కావ్యంలో కథా వర్ణనా పడుగుపేకల్లా కలిసిపోయాయి" అన్నాను. విమర్శ వ్యాసాల్లో పదేపదే చదివి నోటికి పట్టిన మాట. చివరి బల్లమీది కుర్రాడు లేచి, "వాటిల్లో పడుగేది మాష్టారూ, పేకేది?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, జవాబు తెలియదు. ఎం.ఏ. పట్టాగాని, శ్రమజీవుల సాహిత్యం మీద నేను రాసిన వ్యాసాలుగాని ఆ పూట నన్ను ఆదుకోలేదు.

అతనిది మంగళగిరిలో నేతపని చేసుకునే యిల్లు. ఆ ఆదివారం తెల్లవారకముందే వాళ్ళ వీధికి వెళ్ళాను. వీధి పొడుగునా నూలు సాగదీసి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతున్నారు. "యిదండీ పడుగు. మగ్గం మీద లాగుడంతా దీనిదే, అందుకే గంజి. అడ్డంగా నాడెలో పోయేది పేక, దానికింత చాకిరీ అక్కర్లేదు," అన్నాడు వాళ్ళ నాన్న. ఎండెక్కితే గంజి ముందే ఆరి పోగులు అతుక్కుంటాయట. యింటిల్లిపాదీ చెయ్యి వెయ్యాలి. మొదటి పీరియడుకు ఆ కుర్రాడు తరచు ఎందుకు రాడో అప్పుడు తెలిసింది. అన్నాళ్ళూ సోమరితనం అనుకున్నాను. నలుగురిలో అన్నాను కూడా.

సోమవారం పాఠం మళ్ళీ మొదలుపెట్టాను. స్వారోచిషుని కథ పెద్దన కల్పించింది కాదు. మారన మార్కండేయపురాణంలో సిద్ధంగా వుంది. లాగుడు భరించే పడుగు అది. అక్కడ కొద్దిలో ముగిసిన ప్రవర వరూధినుల ఘట్టం మీద పెద్దన నాడె ఆడించాడు. "పడుగు అదే అయినా పేక మారిస్తే గుడ్డ వేరే రంగు కొడుతుంది మాష్టారూ," అన్నాడు అతను. పురాణానికీ ప్రబంధానికీ వున్న తేడా అంత పొట్టిగా నేనెన్నడూ చెప్పలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన మాండలిక వృత్తిపదకోశం చేనేత సంపుటి 1971లోనే వచ్చింది. మా లైబ్రరీ అలమరలోనే వుంది. చదువుకునే రోజుల్లో ఎవరూ చూపలేదు, నేనూ వెతకలేదు. అయితే అది చూసివుంటే మాటకు అర్థం దొరికేదిగాని, ఆ పిల్లవాడి గైరుహాజరుకు కారణం దొరికేది కాదు.

హాజరుపట్టీలో నా చేతి గుర్తులు అలాగే వున్నాయి. హాజరు చాలనివాళ్ళ జాబితాలో అతని పేరు వచ్చింది. కారణం రాసి ఆఫీసులో యిస్తే, డాక్టరు సర్టిఫికెట్టు వుందా అని అడిగారు. ఆ కాగితం యింకా నా సంచీలోనే వుంది.