ఒక మాంసకృత్తు, దాని తోబుట్టువులు

వేసవి సెలవులలో శాస్త్ర విభాగపు విద్యార్థినులము మేము ముగ్గురము ఒక పరిశోధనశాలయందు ఆరు వారములు పని నేర్చుకొన్నాము. మాకు అప్పగించినది పి63 అను మాంసకృత్తు. కణములను అర్బుదముగా మారనీయక కాపాడు పి53కు ఇది తోబుట్టువు. మరొక తోబుట్టువు పి73.

పి53 చరిత్ర విచిత్రమైనది. 1979లో లండనులో డేవిడ్ లేన్, లయనెల్ క్రాఫర్డ్, అమెరికాలో డేనియల్ లింజర్, ఆర్నాల్డ్ లెవిన్ ఒక వైరసు మాంసకృత్తును ప్రతిదేహములతో బయటికి లాగగా, దానిని అంటిపెట్టుకొని కణమునకు చెందిన ఈ మాంసకృత్తు కూడ వచ్చినది. జెల్ మీద బరువు 53 వేల డాల్టనులుగా తోచుటచే ఆ పేరు నిలిచినది. నిజమునకు 393 అమైనో ఆమ్లముల ఆ అణువు బరువు సుమారు 44 వేలే! తప్పు తూకముతో వచ్చిన పేరునే లోకము నేటికిని వాడుచున్నది. పదేండ్లు పండితులు దానిని అర్బుదకారకమనే భావించారు. వారి చేతికి చిక్కినవి చెడిన రూపములని 1989లో తేలినది. దొంగ అనుకొన్నది కావలి అయినది. తోబుట్టువులు 1997, 1998 ప్రాంతములలో బయటపడినవి.

బియ్యములో రాళ్ళేరుటకు కంటిచూపు చాలును. ఇచ్చట కంటికి కనపడని దానిని వేల రకముల నడుమనుండి ఏరవలెను. మానవ పి63 జన్యువులో డి.ఎన్.ఎ.ను పట్టుకొను భాగమును, ఆరు హిస్టిడిన్‌ల తోకను తగిలించి, బాక్టీరియాలో ప్రవేశపెట్టుదురు. బాక్టీరియాను పెంచి, మంచులో ఉంచి ధ్వని తరంగములతో పగులగొట్టి, రసమును నికెల్ గల గొట్టములో పోస్తిమి. తోక నికెల్‌ను పట్టుకొనును. తక్కినవి కడుగుడుతో పోవును. పిమ్మట ఇమిడజోల్ పోయగా మనకు కావలసినది వదలి వచ్చును. ఇదంతయు 4 డిగ్రీల చలిగదిలోనే. ఆలస్యమైనచో, లేక అణువులోని జింకు ఊడినచో, మడత విప్పుకొని తెల్లని ముద్దయగును. (మన ప్రయోగశాలకు చిన్న శీతలపేటిక, జెల్ పరికరము లభించినచో వీనిలో కొన్నింటిని ఇచ్చటనే చేయగలమని కమిటీవారికి మనవి.)

గుర్తింపు ఇంకను కష్టము. డి.ఎన్.ఎ.ను పట్టుకొను భాగమున పి53, పి63లు సుమారు 60 శాతము ఒక్కటే. పోలిక లేని భాగమును గుర్తించు ప్రతిదేహమును ఎంచుకొననిచో అక్కను చూచి చెల్లెలనుకొన్నట్లే. స్వభావములు మాత్రము వేరు: పి63 లేని ఎలుకపిల్లలకు చర్మపు పొరలే సరిగా ఏర్పడవు.

మేము ఈ పనిని కోరుటకు కారణమొకటి గలదు. మాలో ఒకామె తల్లిగారు రొమ్ము కేన్సరుకు చికిత్స పొందుచున్నారు. “ఇది రక్తములోని జబ్బు, బిడ్డలకూ వస్తుంది” అని ఎవరో అన్నందున ఆమె ఆపాకు కుదిరిన సంబంధము ఆగిపోయినది. మానవ కేన్సరులలో దాదాపు సగమునందు పి53 చెడియుండును. కాని ఆ చెడుగు ఎక్కువగా ఆ మనిషి జీవితకాలములో, ఒకానొక కణములో పుట్టినదే. పుట్టుకతో వచ్చు పి53 లోపము కొన్ని కుటుంబములలో కలదని 1990లో రుజువైనది, అది అరుదు. రొమ్ము కేన్సరులలో వంశపారంపర్యమైనవి నూటికి 5 నుండి 10 మాత్రమే. సందేహమున్నచో వైద్యుల సలహాతో మొదట తల్లిగారికే జన్యుపరీక్ష చేయించవచ్చును. ఈ సంగతులను కాగితముపై ఉర్దూలోను తెలుగులోను వ్రాసి, పెద్దలద్వారా వరుని ఇంటికి పంపాము. వారింకను బదులు చెప్పలేదు.